వేడినీటి ఊటతో చేపల పెంపకం

చలికాలంలో చేపలకు చలి వేస్తుందా? మా పుప్పాలగూడ పిల్లల్లో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. చలి వేసిందో లేదో చేప చెప్పలేదు గాని, దాని ఆకలి మాత్రం తగ్గిపోతుంది. ఆ సంగతి చేపలు పెంచే వాళ్లకు బాగా తెలుసు.

మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నిలకడగా ఉంటుంది. బయట ఎండ కాసినా మంచు కురిసినా మన ఒంట్లో కుంపటి ఆరదు. చేపకు ఆ కుంపటి లేదు. చుట్టూ ఉన్న నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ ఇంచుమించు అంతే. ఇలాంటి వాటిని శీతల రక్త జంతువులంటారు. ఆ పేరు అంత సరైనది కాదు. ఎందుకంటే, వేసవి మధ్యాహ్నం చెరువులోని చేప రక్తం చల్లగా ఏమీ ఉండదు! తిన్నది అరిగించే ఎంజైములు పనిచేసే వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక హద్దు వరకు, నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చేప జీవక్రియల వేగం సుమారు రెండింతలవుతుంది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, రవ్వ చేపలు 25 నుంచి 32 డిగ్రీల నీటిలో బాగా పెరుగుతాయి. నీరు 20 డిగ్రీలకు దిగితే మేత సరిగా ముట్టవు.

దీనివల్ల నష్టం ఎవరికి? తెలంగాణలో చాలా చెరువులు వాన నీటితో నిండేవి. వానాకాలంలో చెరువు నిండాక చేపపిల్లలను వదులుతారు. ఎండలు ముదిరి నీరు ఇంకిపోయేలోగా వల వేసి పట్టుకోవాలి. ఉన్నదే కొద్ది నెలల గడువు. అందులో మార్గశిర, పుష్య మాసాలు చలికే పోతే చేప తూకం తగ్గుతుంది. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది. చెరువునే నమ్ముకున్న కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

కట్టెలు పెట్టి చెరువును కాచలేము. మరి, భూమే నీరు కాచి ఇస్తే?

అలాంటి చోట్లు మన గోదావరి లోయలోనే ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుకలో గుంట తీస్తే వేడినీరు ఊరుతుంది. మణుగూరు ప్రాంతంలోని పగిడేరులో బోరు బావి నుంచి వేడినీరు తనంతట తానే పైకి ఉబికి వస్తుంది. అక్కడ అగ్నిపర్వతం ఏదీ లేదు. గోదావరి లోయ కింద, బొగ్గు పొరలున్న రాళ్లలో లోతైన పగుళ్లున్నాయి. వాన నీరు వాటి గుండా కిందికి దిగుతుంది. భూమిలోకి ఒక కిలోమీటరు దిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. అలా వేడెక్కిన నీరు మరో పగులు వెంట మళ్లీ పైకి వస్తుంది. ఈ వేడితో సింగరేణి సంస్థ మణుగూరులో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ సంగతి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించింది. విద్యుత్తుకు వాడుకున్నాక కూడా నీటిలో కొంత వేడి మిగులుతుంది. విద్యుత్ యంత్రానికి చాలని ఆ వేడి చేపకు ఎక్కువే.

ఈ పని చేసి చూపించిన వారున్నారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో చలికాలం నీళ్లు గడ్డకడతాయి. అక్కడి హేగర్మన్ లోయలో సుమారు 15 డిగ్రీల చల్లని ఊటలున్నాయి. వాటిలో చలినీటి చేప ట్రౌట్‌ను పెంచుతారు. అదే ప్రాంతంలో 35 డిగ్రీల నీరిచ్చే బావులూ ఉన్నాయి. 1973 నుంచి లియో రే అనే ఆయన ఆ వేడినీటిలో చల్లని నీరు కలిపి, మన జెల్ల వంటి క్యాట్‌ఫిష్‌ను, తిలాపియాను పెంచారు. తిలాపియా అంటే మన బజారులో జిలేబి చేప. చచ్చిన చేపలను ఏం చేయాలన్న చిక్కు వస్తే, అదే వెచ్చని నీటిలో మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లను పెంచి వాటికి మేతగా వేశారు! వేడినీరు ఉంటే మంచు దేశంలోనూ మొసలి బతుకుతుందన్నమాట.

ఆయన తొట్లను కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టారు. నీరు ఒక తొట్టి నుంచి కింది తొట్టిలోకి దూకుతుంది. ఎందుకో ఊహించగలరా? కిటుకంతా ఇక్కడే ఉంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 దగ్గర ఏడున్నర, 40 దగ్గర ఆరు పైచిలుకు మాత్రమే. అటు చూస్తే, వెచ్చని నీటిలో చేప వేగంగా బతుకుతుంది కనుక దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఖర్చు పెరిగినప్పుడే రాబడి తగ్గినట్లు! పైగా నేల లోతు నుంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువ. దూకే నీరు గాలితో కలిసి దాన్ని తెచ్చుకుంటుంది. మన కొరమీనుకు ఈ బాధ తక్కువ. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు.

మరో జాగ్రత్త. వేడినీరు రాళ్లలోని లవణాలను ఎక్కువగా కరిగించుకుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నట్లే. అది చేపలకు విషం. అలాంటి నీటిని చెరువులో కలపకూడదు. గొట్టాల గుండా చెరువులో తిప్పి బయటికి పంపితే వేడి మాత్రమే చెరువుకు చేరుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు ఉన్న కుంటలో 15 లక్షల లీటర్ల నీరుంటుంది. దాన్ని 22 నుంచి 28 డిగ్రీలకు తేవాలంటే 90 లక్షల కిలో కేలరీలు కావాలి. 60 డిగ్రీల నీరు లీటరు 28కి చల్లారితే 32 కిలో కేలరీలు ఇస్తుంది. భాగిస్తే సుమారు 2 లక్షల 81 వేల లీటర్లు. సెకనుకు 5 లీటర్లిచ్చే బావి దాదాపు 16 గంటలు పారాలి. ఆ రాత్రే చల్లగాలి కొంత వేడిని ఎత్తుకుపోతుంది. కనుక మర్నాడు మళ్లీ పోయాలి.

ఈ లెక్క చూశాక నా అభిప్రాయం చెబుతాను. మన పెద్ద చెరువులను వేడినీటితో కాచే ఆశ పెట్టుకోనక్కరలేదు. మనకు సంవత్సరంలో ఎక్కువ నెలలు ఆ పని సూర్యుడే ఉచితంగా చేస్తాడు. ఎండాకాలంలోనైతే నీరు మరీ వేడెక్కడమే సమస్య. కాని చేపపిల్లలను పెంచే చిన్న తొట్ల సంగతి వేరు. నీరు కొద్ది, పైన కప్పు వేస్తే వేడి నిలుస్తుంది. మణుగూరు వంటి చోట చలి రెండు నెలలూ పిల్లలను అలా వెచ్చగా ఉంచగలిగితే, అవి మేత మానకుండా పెరుగుతాయి. నీటి పరీక్ష మాత్రం ముందు జరగాలి.

మీ ఇంట్లోనో బడిలోనో చేపల తొట్టి ఉంటే చలికాలంలో ఒక పని చేయండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీటి ఉష్ణోగ్రత చూసి, చేప మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టండి. వారం రోజులు రాసి గ్రాఫు గీయండి. నీటిని మాత్రం వేడిచేయకండి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితే చేప చచ్చిపోవచ్చు.

ఈ లెక్క కూడా చేయండి: 24 డిగ్రీల నీటిని 30 డిగ్రీలకు తేవాలి. 60 డిగ్రీల నీరు ఒక లీటరు కలిపితే 5 లీటర్ల చల్లని నీరు సరిపోతుంది. బావి నీరు 45 డిగ్రీలే అయితే లీటరుకు ఎంత చల్లని నీరు కలపాలి?