జానపద సంగీతం – ప్రజల రేడియో: కెల్టిక్ ప్రాంతాల అనుభవం

జానపద గేయం గ్రంథస్థం కావడానికి ఎంతో ముందే కంఠస్థం. తల్లి నోట విన్నది కూతురు, తండ్రి చేతిలో చూచినది కొడుకు నేర్చుకొనగా అది తరతరాలుగా సాగివస్తున్నది. ఈ వరుసలో ఒక్క తరం చెవి యొగ్గకపోయినా పాట తెగిపోతుంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వరుసను తెంచిన సాధనాలలో రేడియో ఒకటి. చిత్రమేమనగా, తెగిన దారాన్ని తిరిగి ముడివేసినదీ రేడియోయే. ఒకే యంత్రం ఈ రెండు పనులనూ ఎట్లు చేయగలిగినది? ఈ ప్రశ్నకు ఐర్లండు, స్కాట్లండు దేశాల సంగీత ప్రసార చరిత్రలో చక్కని సమాధానం లభిస్తుంది. దానిని విద్యార్థి మిత్రుల ముందు సంగ్రహంగా ఉంచడమే మా ఉద్దేశం.

'కెల్టిక్' అనే మాట

మొదట పేరును విచారించుదాం. 'కెల్టిక్' అనేది ప్రధానంగా భాషాశాస్త్రానికి చెందిన మాట. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ దేశపు పండితుడు తన గ్రంథంలో ఈ భాషల చుట్టరికాన్ని శాస్త్రీయంగా చర్చించాడు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ భాషలు ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలు మరొక శాఖ.

భాషలు బంధువులైనంత మాత్రాన సంగీతం కూడా ఒక్కటే అని భావించరాదు. మన వీధిభాగవతులు శ్రుతి కోసం ఊదే తిత్తి వంటి వాద్యం స్కాట్లండు పర్వత ప్రాంతాలలోనూ ఉన్నది. దానిని నోటితో ఊదుతారు. ఐర్లండులోని 'ఇల్లిన్' పైపుకు నోటితో పని లేదు. వాదకుడు కూర్చుండి, మోచేతి కింద చిన్న కొలిమితిత్తిని అదుముతూ గాలి నింపుతాడు. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో సన్నాయిని పోలిన బొంబార్డుకు 'బినియూ' అనే చిన్న తిత్తి జోడు. ఐర్లండులో 'షాన్ నోస్', అనగా పాత పద్ధతి అనే గానమున్నది. అందులో పక్కవాద్యం ఉండదు. గాయకుడు ఒక్కడే గమకాలతో పాటను నడుపుతాడు. ఇన్ని భిన్నమైన సంప్రదాయాలను రికార్డుల వ్యాపారమూ, రేడియో కార్యక్రమాలూ సౌకర్యార్థం ఒక్క పేరు కిందికి చేర్చాయి. కార్యక్రమం నడిపేవారు ఈ భేదాలను శ్రోతకు విప్పిచెప్పకపోతే, ఆ పేరు మూట కట్టిన తాడే అవుతుంది గాని మూటలోని వస్తువు తెలియదు.

తెంచిన చేయి, ముడివేసిన చేయి

స్వతంత్ర ఐర్లండులో తొలి రేడియో కేంద్రం 1926 జనవరి 1న డబ్లిన్ నగరంలో ప్రారంభమైనది. అంతకు మునుపే గ్రామఫోను తన ప్రభావం చూపసాగింది. స్లైగో ప్రాంతంలో పుట్టి 1914లో అమెరికాకు వలసపోయిన మైకేల్ కోల్‌మన్ (1891–1945) ఫిడేలు వాదనాన్ని 1921 మొదలు న్యూయార్కులో రికార్డు చేశారు. ఆ రికార్డులు సముద్రం దాటి స్వదేశానికి చేరాయి. ఆయన ప్రతిభ నిస్సందేహమైనది. కాని ఇతర ప్రాంతాల వాదకులు అనేకులు తమ ఊరి బాణీని విడిచి ఆయన బాణీనే అనుకరించసాగారు. దూరాన ఉన్న ఒక్క గొంతు ఊరూరా మ్రోగితే, ఊరి గొంతు సిగ్గుపడి తగ్గిపోతుంది. దీనికి తోడు 1935 నాటి చట్టం బహిరంగ నృత్యాలకు లైసెన్సును తప్పనిసరి చేసింది. దానితో గ్రామాలలో ఇళ్ళయందు జరిగే నాట్యాలు కూడా సన్నగిల్లాయి.

ముడివేసే పని కొందరు సేకర్తలతో ఆరంభమైనది. స్వయంగా పైపు విద్వాంసుడైన సేమస్ ఎనిస్ (1919–1982) 1942 నుండి 1947 వరకు ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం తరఫున పల్లెలు తిరిగి పాటలు వ్రాసుకొన్నాడు. తరువాత ఐర్లండు రేడియోలోనూ, 1951 నుండి బి.బి.సి.లోనూ పనిచేశాడు. 1954లో రేడియోలో చేరిన కీరన్ మక్ మహూనా రికార్డింగు వాహనంతో పల్లెలకే వెళ్ళి పాటలు, వాదనాలు సేకరించాడు. ఆయన నిర్వహించిన 'మో హ్యోల్ హూ' కార్యక్రమం 1970 నుండి 2005 వరకు ఆదివారం ఉదయాలలో ప్రసారమైనది. 'నీవే నా సంగీతం' అని ఆ పేరుకు అర్థం. తన పొరుగువాని ఫిడేలు రేడియోలో విన్న రైతు, అది ఆదరింపదగిన విద్య అని కొత్తగా గ్రహించాడు.

కొనమారా ఉదంతం

అయినను, పట్టణంనుండి ఎవరో వచ్చి సేకరించి వినిపించడం వేరు; ప్రజలు తామే వినిపించుకొనడం వేరు. ఐర్లండు పడమటి తీరాన కొనమారాలో ఐరిష్ భాష నేటికీ ఇళ్ళలో వినవస్తుంది. రాజ్యాంగం దానిని ప్రథమ అధికార భాషగా గౌరవించినా, ఆ భాష మాట్లాడే బీద ప్రజలకు తమదైన ప్రసార కేంద్రం లేకపోయింది. 1969లో వారు పౌరహక్కుల ఉద్యమం లేవదీశారు. 1970లో అనుమతి లేకుండానే ఒక చిన్న ప్రసార యంత్రంతో 'స్వేచ్ఛా కొనమారా రేడియో'ను నడిపారు. దాని శక్తి స్వల్పం, ఫలితం గొప్పది. 1972 ఏప్రిల్ 2న ప్రభుత్వ ప్రసార సంస్థ పక్షాననే 'రేడియో నా గేల్‌టాఖ్టా' అవతరించింది. దాని ముఖ్య కార్యాలయం రాజధానిలో గాక కొనమారాలోని కాస్లా గ్రామంలో నెలకొన్నది.

ఈ కేంద్రం ఆంగ్ల సాహిత్యం గల పాటలను 2005 వరకు ప్రసారం చేయలేదు. అల్పసంఖ్యాకుల భాషకు అట్టి కంచె అవసరమని కొందరు, యువజనులు దూరమవుతారని మరికొందరు వాదించారు. ఉభయ పక్షాలలోనూ సత్యమున్నది. కంచె లేని తోట మేతబీడవుతుంది. ద్వారం లేని తోటలోనికి పిల్లలు రారు. ఆ నియమాన్ని కొంత సడలించి రాత్రివేళ యువజనుల కార్యక్రమానికి తావిచ్చారు.

కళాశాల రేడియోనుండి దేశమంతటికి

అమెరికాలో మార్గం వేరు. 1949లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కె.పి.ఎఫ్.ఎ. కేంద్రం ప్రకటనలు లేకుండా శ్రోతల చందాలతో ఆరంభమైనది. వ్యాపార కేంద్రాలలో చోటులేని జానపద సంగీతానికి ఇట్టి కేంద్రాలు నిలయమైనాయి. నార్త్ కరోలినాలో షార్లట్ విశ్వవిద్యాలయపు కేంద్రంలో స్కాట్లండునుండి వచ్చిన ఫియోనా రిచీ అనే యువతి 1981లో 'థిసిల్ అండ్ షామ్‌రాక్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1983 నాటికి అది దేశవ్యాప్తమైనది. ఆ రాష్ట్రపు కొండలలో స్కాట్లండు, ఉత్తర ఐర్లండు వలసదారుల సంతతివారు పూర్వమే ఉన్నారు. సెసిల్ షార్ప్ అనే ఆంగ్ల సేకర్త 1916–1918 మధ్య ఆ కొండలలోనే సముద్రం దాటివచ్చిన పాత గాథాగేయాలను సేకరించాడు. ఆ శ్రోతలలో కొందరికి ఇది పరదేశ సంగీతం కాదు, మరచిపోయిన మేనత్త గొంతు.

కార్యక్రమ రూపకల్పన

ఈ అనుభవాలనుండి కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నవి. పాడినవారి పేరు, ఊరు, వారు ఎవరివద్ద నేర్చిరో తప్పక చెప్పవలెను; పేరు చెప్పని పాట అనాథ. భాష తెలియని శ్రోతకు పాట భావాన్ని ముందుగా రెండు వాక్యాలలో చెప్పి, పాట మధ్యలో మాట్లాడరాదు. ఒంటరి గానానికి పక్కన నాట్య వాద్యం, విషాదానికి పక్కన వేడుక ఉంచవలెను. పేరుపొందిన రికార్డుల నడుమ ఊరివారి ఇంటిలో రికార్డు చేసినదొకటైనా ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యంగా, పాట ఇచ్చినవారికే దానిని మొదట వినిపించవలెను.

మన నేలపై

మన దేశంలో ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సర్వోన్నత న్యాయస్థానం 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి లభించింది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం 2004లో తన కేంద్రాన్ని ప్రారంభించగా, జహీరాబాదు సమీపాన మాచునూరులో 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' మొదలైనది. దానిని నడిపినవారు దళిత మహిళలు. తమ సేద్యం, తమ విత్తనాలు, తమ పాటలు తమ యాసలోనే వినిపించారు. కొనమారా రైతుకూ, మాచునూరు మహిళకూ పరిచయం లేదు. కోరిక మాత్రం ఒక్కటే.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భాషలు ఒకే వరండాలో నడుస్తున్నవి. దక్కనీ చక్కీనామా, తెలుగు తిరుగలి పాట రెండూ తిరుగలి ముందు కూర్చున్న స్త్రీల నోట వెలువడినవే. పిండిమరలు వచ్చి తిరుగళ్ళు మూలబడినవి. ఆ పాటలు తెలిసిన నాయనమ్మలు, దాదీమాలు కొందరు ఇంకను మన ఇళ్ళలో ఉన్నారు. రేడియో కేంద్రానికి అనుమతి కోరే భారం కళాశాల సంఘానిది. అంతవరకు విద్యార్థులు సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పాటనైనా రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు వ్రాసి, వారికే మొదట వినిపింతురుగాక. తన గొంతును తాను విన్న ముసలమ్మ ముఖం చూచినవారికి ఈ వ్యాసంతో ఇక పని ఉండదు.