ఆడపిల్ల మందుబిళ్ల కాదు బిడ్డా

పదిమంది అమ్మాయిల వెంట తిరిగిన పిల్లగాడు ఒక మంచి అమ్మాయి ఎదురుపడగానే మారిపోతాడు. పెళ్లవుతుంది, తెర మీద పేర్లు పడతాయి. ఈ కథంటే మీకు ఇష్టమని నాకు తెలుసు. బడిలో తెలుగు చెప్పినదాన్ని, కథల మీద నాకు కోపం లేదు. కానీ నిజామాబాద్ జిల్లా మెండోరలో ఎన్నో కాపురాల పంచాయితీల్లో ఆడవాళ్ల పక్కన కూర్చున్నాను. అక్కడ విన్నదానికీ సినిమాల్లో చూసినదానికీ పొసగని చోట్లున్నాయి. లగ్గం ఈడుకొచ్చిన మీకు అవే చెబుతున్నా.

1. మారడం అతని పని.

‘ప్రేమనగర్’ 1971లో వచ్చింది. కౌసల్యాదేవి నవల, కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వం, రామానాయుడు నిర్మాత. జమీందారు కొడుకు కళ్యాణ్‌కు తాగుడు, ఆడవాళ్ల సావాసం. లత అతని దగ్గర సెక్రెటరీగా చేరుతుంది. మా తరంలో ఆ సినిమా చూసి కళ్యాణ్ వేషం వేసిన అక్కినేని కోసం ఏడవని ఆడవాళ్లు తక్కువ. తర్వాత అదే కథను తమిళంలో శివాజీ గణేశన్‌తో, హిందీలో రాజేశ్ ఖన్నాతో తీశారు. ఇప్పుడు టీవీలో వస్తే నా కళ్లు లత మీదే ఉంటాయి. ఆమెకు జీతం ఇచ్చింది సెక్రెటరీ పనికి, ఆమె నెత్తిన పడింది అతని తాగుడు మాన్పించే పని. అంత చేసినా, దొంగతనం నింద పడిన రోజున ఆమె మాట అతనికి చాలలేదు.

మంచి పిల్ల దొరికితే మావాడు దారికొస్తాడని చెప్పే తల్లులు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. తాగుడైనా తిరుగుడైనా ఆ రోగానికి మీ బిడ్డను మందుబిళ్ల చేయనివ్వకండని పిల్ల తండ్రులకు చెబుతూనే వచ్చాను. కొందరు విన్నారు.

2. వదిలేసిన వాళ్ల సంగతి అడుగు.

ఈ సినిమాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది మొదటి అరగంట. హీరో ఎంత తుంటరో చూపడానికి నలుగురైదుగురు అమ్మాయిలు వస్తారు, ఒక పాటలో ఆడతారు, పోతారు. చాలామందికి పేర్లు కూడా ఉండవు. ఒకామె అతని చెంప పగలగొడితే హాలంతా నవ్వుతుంది. ఆమె ఆ రాత్రి ఎలా నిద్రపోయిందో కథకు అక్కర్లేదు.

అక్కర ఉందనుకున్న సినిమా ఒకటి హిందీలో చూశాను. 2008లో సిద్ధార్థ్ ఆనంద్ తీసిన ‘బచ్‌నా ఏ హసీనో’, హీరో రణబీర్ కపూర్. తాను నిజంగా ప్రేమించిన అమ్మాయి కాదన్నాక గానీ మనసు విరగడమంటే ఏమిటో అతనికి తెలియదు. అప్పుడు తాను ఏడిపించిన ఇద్దరినీ వెతుక్కుంటూ పోతాడు. ఒకామెకు పెళ్లయింది, పిల్లలున్నారు. అయినా ఆ పాత గాయం వల్ల కట్టుకున్నవాణ్ని మనసారా దగ్గరికి తీసుకోలేకపోయింది. రెండో ఆమె పేరున్న మోడల్ అయింది. అతన్ని వెంటనే క్షమించదు, కొన్నాళ్లు నౌకరు చేసి తిప్పుకుంటుంది. సినిమాలో పాటలూ విదేశాలూ చాలానే ఉన్నాయి, అవన్నీ మరిచిపోయాను. ఆ క్షమాపణలు మాత్రం గుర్తున్నాయి.

కావాలనుకున్న అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చోవడం ఎవడికైనా వస్తుంది. ఇక ఏ అవసరమూ లేని అమ్మాయి గడప దగ్గర తలవంచుకుని నిలబడడానికి మనిషి లోపలినుంచి కదలాలి. నేను మారానని ఎవరైనా మీతో అంటే, పాత అమ్మాయి గురించి అతను ఎట్లా మాట్లాడతాడో వినండి. అదే నా వెంట పడిందని అన్నాడా, అతను ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు.

3. గురజాడ 1910లోనే ఈ కథ రాసిపెట్టాడు.

‘దిద్దుబాటు’లో గోపాలరావు చదువుకున్నవాడు, భార్యకు చదువు నేర్పినవాడు. అయినా సానుల పాటలకు పోయి అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. ఒక రాత్రి వచ్చి చూస్తే కమలిని లేదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంది. హడలిపోయి, నౌకరు రాముడి ముందే తన తప్పు ఒప్పుకుని, ఇక బుద్ధిగా ఉంటానన్నాక మంచం కింద నుంచి ఆమె నవ్వు, గాజుల చప్పుడు.

నవ్విస్తూ ప్రేమ చెప్పిన తెలుగు కథల్లో దీన్ని మించినది నేను చదవలేదు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా మంచం కింది నవ్వు దగ్గర ఆడపిల్లల ముఖాలు వెలిగిపోయేవి. కమలిని ఏడ్చి అతన్ని మార్చలేదు, పాదాలు ఒత్తి మార్చలేదు. తను లేని ఇల్లు ఎట్లా ఉంటుందో కాసేపు చూపించింది. ఆమెకు రాయడం వచ్చు, పోవడానికి తల్లిగారిల్లు ఉంది. ఆ రెండూ ఉన్నాయి గనుకే ఆ ఉత్తరాన్ని మొగుడు నమ్మాడు. చదువు మానొద్దని, లగ్గమయ్యాక కూడా మీ పేరు మీద బ్యాంకు ఖాతా ఉంచుకోమని నేను పోరేది ఇందుకే. తల్లిదండ్రులకూ ఒక మాట. మా తలుపు మా బిడ్డకు ఎప్పుడూ తెరిచే ఉంటుందని అల్లుడి చెవిన పడేలా చెప్పండి.

4. మారినవాడికి దండలు వేసేముందు ఇంటిదాన్ని తలుచుకోండి.

కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకంలో బిల్వమంగళుడు వేశ్య ఇంటి చుట్టూ తిరిగి తిరిగి చివరికి జ్ఞాని అవుతాడు. లోకం అతన్ని శ్రీకృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుడిగా కొలుస్తుంది. జనం ఆ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర హాస్యం కోసం తెల్లవార్లూ కూర్చునేవారు. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి గురించి అంత వాదన నడిచింది. ఇంట్లో ఉండిపోయిన భార్య రాధ గురించి ఎవరైనా అడగగా నేను వినలేదు.

5. ఒక ఏడాది చూడు.

మెండోర, బాల్కొండ, ఆర్మూరు ఊళ్ల నుంచి మగవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్ పోతారు. ఇక్కడ ఆడవాళ్లు బీడీలు చుడతారు, పసుపు పనికి పోతారు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, కొమ్ములు విరిచి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు పంపేదాకా ఆడవాళ్ల రెక్కల కష్టం ఎంతో ఉంది. వీళ్ల మొగుళ్లలో ఎండలో పనిచేసి వచ్చి, రాత్రి ఫోన్ చేసి తిన్నవా అని అడిగేవాడున్నాడు. జీతం చేతికి రాగానే భార్య ఖాతాలో వేసేవాడున్నాడు. నేను చూసిన ప్రేమల్లో అది చాలా గట్టిది.

దారి తప్పినవాళ్లూ ఉన్నారు. ఒకతను అక్కడ ఇంకొకామెతో ఉండి, ఇంటి ఫోన్ ఎత్తడం మానేసి, కొన్నేళ్లకు తిరిగొచ్చాడు. పంచాయితీలో ఏడ్చాడు. పెద్దమనుషులు మెత్తబడి, ఇక క్షమించు బిడ్డా అని భార్యతో అన్నారు. ఆమె అవుననలేదు, కాదనలేదు. ముందు అప్పు తీర్చమంది. పిల్లల ఫీజులు కట్టమంది. తన తల్లి ముందు, తమ్ముళ్ల ముందు జరిగింది దాచకుండా చెప్పమంది. ఏడాదిపాటు తల్లిగారింట్లోనే ఉండి చూసింది. అతను పసుపు వేసి, తవ్వి, అమ్మి, ఆ పైసలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు అతనింటికి పోయింది. ఇవాళ ఇద్దరూ ఒక్క చెలకలో పనిచేసుకుంటున్నారు.

సినిమాకు అంత ఓపిక లేదు. ఒక వాన, ఒక విమానాశ్రయం, ఒక పరుగు చాలు. పిల్లలారా, ఆ ఏడాదిని అడగడం మీ హక్కు.

6. చెయ్యెత్తినవాడికి ఆ ఏడాది కూడా ఇవ్వొద్దు.

మారతాడేమోనని దెబ్బలు తింటూ కూర్చోకండి. 2005 గృహహింస చట్టం మీకోసమే వచ్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, సఖి కేంద్రానికి పొండి. ఒంటరిగా పోవడానికి భయమైతే మా ఇంటికి రండి.

7. ముందే చెప్పినవాణ్ని గౌరవించు, ఒప్పుకోవాల్సిన పని లేదు.

2010లో భాస్కర్ తీసిన ‘ఆరెంజ్’లో రామ్‌చరణ్ పాత్ర జీవితాంతం ప్రేమిస్తానని అబద్ధం చెప్పలేనంటాడు. అప్పుడు ఆడలేదు గానీ 2023లో మళ్లీ విడుదలైతే కుర్రవాళ్లు ఎగబడి చూశారు. అతని ఆలోచన నాకు నచ్చలేదు, దాచకుండా చెప్పడం నచ్చింది. విని కాదనే వీలు ఆ అమ్మాయికి దక్కింది. అందుకు భిన్నంగా ‘మన్మథుడు 2’లో ఇంట్లోవాళ్లను నమ్మించడానికి హీరో కిరాయికి పెళ్లికూతురిని తెస్తాడు. ఇట్లాంటి నాటకాలకు తెర మీద నవ్వుతాం, అదే పని నిజం ఇంట్లో జరిగితే తల్లుల గుండె ఆగుతుంది.

8. పిల్లగాణ్ని కూడా అడగండి.

ముగ్గురిని ప్రేమించి వదిలేసి, నాలుగోవాడి దగ్గర నిలకడ పడిన అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి నవ్వుల సినిమా తీస్తే మనవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. సంబంధాలు మాట్లాడే చోట పిల్లగాడి గురించి, వయసులో ఏదో తిరిగాడు, ఇప్పుడు బుద్ధిమంతుడని చెప్పుకుని అందరూ నవ్వుతారు. పిల్ల గురించి కాలేజీలో ఆరా తీస్తారు, ఆమె ఫోన్‌లో ఎవరి నంబర్లున్నాయో అడుగుతారు. ఇది చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. ఈ మాఘమాసంలో మన వాడకట్టులో లగ్గాలు కుదిర్చే పెద్దలకు చెబుతున్నా. పిల్లను అడిగిన ప్రతి ప్రశ్నా పిల్లగాణ్ని అడగండి, అందరి ముందూ అడగండి. మీకు మొహమాటమైతే నాకు కబురు పెట్టండి, నేనొచ్చి అడుగుతాను.