సైబర్ భద్రత - కృత్రిమ మేధ

2024 ఆరంభంలో బ్రిటన్‌కు చెందిన ఇంజినీరింగ్ సంస్థ అరూప్ హాంకాంగ్ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో పాల్గొన్నారు. తెరపై ముఖ్య ఆర్థిక అధికారి, సహోద్యోగులు కనిపించారు. వారి ఆదేశాలు నమ్మి 15 విడతల్లో దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. తీరా చూస్తే అవతల ఉన్నవన్నీ కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీ (డీప్‌ఫేక్) రూపాలే. కృత్రిమ మేధ (ఏఐ) ముప్పుకు ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు.

అక్షర దోషాలను బట్టి వివరాలు కాజేసే మోసపు (ఫిషింగ్) మెయిల్‌ను పసిగట్టే రోజులు పోయాయి. ఏఐ తప్పుల్లేకుండా, తెలుగులోనూ రాసిపెడుతోంది.

రక్షణకూ అదే సాధనం అక్కరకొస్తోంది. అర్ధరాత్రి ఒక ఖాతా నుంచి ఫైళ్లు కుప్పలుగా బయటికి పోతుంటే లక్షల లాగ్‌ల మధ్య దాన్ని వెంటనే గుర్తిస్తుంది. గూగుల్ రూపొందించిన 'బిగ్ స్లీప్' 2024లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోని లోపాన్ని అధికారిక విడుదలకు ముందే పట్టుకుంది. అయినా హెచ్చరికల్లో ఏది నిజమో తేల్చాల్సింది విశ్లేషకుడే.

మన దేశంలో సైబర్ ఘటనలకు జాతీయ నోడల్ సంస్థ సెర్ట్-ఇన్. 2004లో మొదలైంది, ఐటీ చట్టం-2000లోని సెక్షన్ 70బి దీనికి ఆధారం. కంప్యూటర్ సాధనాలతో మారువేషంలో మోసగిస్తే అదే చట్టంలోని సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. డబ్బు పోయిన వెంటనే ఫిర్యాదు చేయాల్సిన నంబరు 1930.