ఫిట్‌నెస్ బ్యాండ్ కొనాలా వద్దా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

"రెండు మూడు వేలలో మంచి ఫిట్‌నెస్ బ్యాండ్ ఏదైనా ఉంటే చెప్పు." ఆఫీసులో టీ బ్రేక్ దగ్గర్నుంచి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ దాకా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. "అది చూపించే నంబర్ చూసి నువ్వు ఏం మారుస్తావ్?" అని తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. జవాబు ఉన్నవాళ్లకి మాత్రం ఏ బ్యాండ్ కొనాలో తేల్చడం పది నిమిషాల పని.

2015లో షావోమీ మొదటి ఎంఐ బ్యాండ్‌ని మన దేశంలో 999 రూపాయలకు తెచ్చింది. దానికి స్క్రీన్ లేదు, మూడు చిన్న లైట్లు ఉండేవి అంతే. అడుగులు, నిద్ర లెక్కపెట్టేది, కాల్ వస్తే వణికేది. ఇప్పుడు అంతకు కాస్త ఎక్కువ రేటులో దొరికే వాచీల బాక్సు మీద హార్ట్ రేట్, ఆక్సిజన్, స్ట్రెస్, బీపీ అంటూ పది పదిహేను బొమ్మలు ఉంటాయి. ఇంత తక్కువ ధరలో అన్ని సెన్సర్లు ఎలా పెట్టారు అని మీకు డౌట్ రావాలి. పెట్టలేదు. చవక వాచీల్లో ఆరోగ్యానికి సంబంధించి లోపల ఉండేవి ముఖ్యంగా రెండే సెన్సర్లు. మిగతాదంతా వాటి మీద సాఫ్ట్‌వేర్ వేసే లెక్క.

లోపల జరిగేది ఏంటంటే

మొదటిది యాక్సిలరోమీటర్. చేతి కదలికని సెకనుకి చాలాసార్లు కొలుస్తుంది. నడిచేటప్పుడు చెయ్యి ఒక లయలో ఊగుతుంది కదా, ఆ లయని సాఫ్ట్‌వేర్ పట్టుకుని అడుగులుగా లెక్క కడుతుంది. అంటే అది లెక్కపెట్టేది మీ కాలిని కాదు, చేతిని. అందుకే గతుకుల రోడ్డు మీద బైక్ నడిపితే కొన్ని అడుగులు ఉచితంగా వచ్చి పడతాయి. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ పట్టుకుని అరగంట తిరిగితే వచ్చినవి కూడా పోతాయి. రోజు మొత్తం మీద చూస్తే ఈ తేడా పెద్ద సమస్య కాదు. ఒకే బ్యాండ్ రోజూ దాదాపు ఒకే రకంగా తప్పు లెక్క కడుతుంది కాబట్టి, నిన్నటికీ ఈరోజుకీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ బ్యాండ్‌నీ మీ ఫ్రెండ్ బ్యాండ్‌నీ పోల్చి పందెం వేసుకోవడానికి మాత్రం పనికిరాదు.

రెండోది వెనకవైపు మెరిసే ఆకుపచ్చ లైటు. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, దాన్ని బట్టి వెనక్కి వచ్చే కాంతి మారుతుంది. ఆ మార్పుని లెక్కపెడితే హార్ట్ రేట్. ఊరికే కూర్చున్నప్పుడు ఇది బాగానే పని చేస్తుంది. పరిగెత్తినా, డంబెల్ గట్టిగా పట్టుకున్నా, బెల్టు వదులుగా ఉన్నా కదలికే ఆ సిగ్నల్‌ని పాడు చేస్తుంది. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ గుండెని వదిలేసి మీ అడుగుల వేగాన్నే హార్ట్ రేట్ అనుకుంటుంది. జాగింగ్ మొదలుపెట్టిన నిమిషానికే 165 చూపించి అక్కడే నిలబడిపోతే కంగారు పడకండి, అది చాలావరకు మీ కాళ్ల లెక్క అయి ఉంటుంది.

కేలరీలు ఈ రెండింటికీ మీ వయసు, బరువు కలిపి వేసే అంచనా. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల బ్యాండ్లు, వాచీలు 60 మందికి పెట్టి ల్యాబ్‌లో కొలిచారు. ఏడింటిలో ఆరు హార్ట్ రేట్‌ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే వెనకబడినది 93 శాతం. ఇవేమీ వెయ్యి రూపాయల వాచీలు కావు, ఆపిల్, శాంసంగ్, ఫిట్‌బిట్ లాంటివి. అప్పటికీ ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ మారింది నిజమే. అయినా కేలరీల నంబర్ చూసి భోజనం నిర్ణయించుకోవద్దనే నేను చెప్తాను.

బ్యాండ్ పెట్టుకుంటే బరువు తగ్గుతామా?

ఈ ప్రశ్న మీద ఒక పెద్ద ప్రయోగమే జరిగింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు బరువు ఎక్కువగా ఉన్న 471 మంది యువతీయువకులని రెండేళ్లు గమనించి 2016లో ఫలితం ప్రకటించారు. మొదటి ఆరు నెలలు అందరికీ ఒకే డైట్, ఒకే వ్యాయామం సలహాలు. తర్వాత సగం మంది తమ వ్యాయామాన్ని తామే రాసుకున్నారు, మిగతావాళ్లకి పైచేతికి కట్టుకునే ట్రాకర్ ఇచ్చారు. రెండేళ్ల చివర ట్రాకర్ లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గితే, ట్రాకర్ ఉన్నవాళ్లు 3.5 కిలోలే తగ్గారు.

ట్రాకర్ వల్ల నష్టం అని దీని అర్థం కాదు. డైట్, సలహా పని చేసినంతగా పరికరం కలపడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని మాత్రం అర్థం. ఎందుకు అలా అయిందో ఆ ప్రయోగం తేల్చలేదు. నాకు కనపడే కారణం మాత్రం ఒకటుంది: బ్యాండ్ "400 కేలరీలు ఖర్చయ్యాయి" అంటుంది, మనం ఆ ధైర్యంతో సాయంత్రం బండి దగ్గర ఆగి నాలుగు మిర్చి బజ్జీలు లాగిస్తాం. ఆ 400 నిజానికి 300 కూడా అయ్యుండొచ్చు. బజ్జీలు మాత్రం నాలుగే, అందులో తేడా లేదు.

అలాగే 10,000 అడుగుల సంగతి. ఇది డాక్టర్లు కనిపెట్టిన నంబర్ కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటర్ అమ్మింది. దాని పేరు మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటర్. పేరు బాగుంది, జనానికి నచ్చింది, అదే టార్గెట్ అయి మన చేతుల దాకా వచ్చింది. 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది అమెరికన్ మహిళల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువగా కనపడ్డాయి. 7,500 దాటాక ఆ మేలు ఇంకా పెరగలేదు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు 10,000 రాలేదని రాత్రి పదింటికి హాల్లో తిరుగుతుంటే కూర్చోమని చెప్పండి.

బీపీ, షుగర్ చూపించే వాచీలు

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. మా నాన్న ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. బంధువుల్లో ఒకరు ప్రేమతో బీపీ చూపించే వాచీ ఒకటి ఇచ్చారు, రెండు వేల లోపుది. రెండు నెలల తర్వాత నేను ఊరెళ్లేసరికి, చేతికి పట్టీ కట్టి చూసే మెషీన్ అటక ఎక్కేసింది. "వాచీలో రోజూ నార్మలే వస్తోంది కదరా. మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే చాలదా?" అన్నాడు.

మెషీన్ కిందికి దింపి కొత్త సెల్స్ వేశాను. మూడు రోజులు పొద్దున, సాయంత్రం ఐదేసి నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టించి, మెషీన్‌తో ఒకసారి, వాచీతో ఒకసారి చూశాం. మెషీన్‌లో పై నంబర్ 148 నుంచి 156 మధ్య వచ్చింది. వాచీలో ఆరుసార్లూ 118 నుంచి 124 మధ్యే. అదే వాచీ నేను పెట్టుకున్నాను, 119. అమ్మకి పెడితే 121. ఇంట్లో ముగ్గురికీ ఒకటే బీపీ అన్నమాట! మెషీన్ నంబర్లు కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మాత్ర డోసు పెంచాడు. "రోజు విడిచి రోజు" ప్రస్తావన నాన్న మళ్లీ తేలేదు.

మణికట్టు మీద కాంతితో బీపీ చెప్పడం అసలు సాధ్యమే కాదా అంటే, ఆ దిశగా పని చేస్తున్న పెద్ద కంపెనీలు ఉన్నాయి. కానీ శాంసంగ్ వాచీల్లో ఆ ఫీచర్ వాడాలంటే ప్రతి 28 రోజులకి ఒకసారి పట్టీ కట్టే మెషీన్‌తో కొలిచి సరిచేయాలని ఆ కంపెనీయే చెప్తుంది. అంత ఖరీదైన వాచీకే పక్కన మెషీన్ తోడు కావాల్సి వస్తుంటే, ఏ మెషీన్ అడక్కుండా నంబర్ చూపించే చవక వాచీ దాన్ని ఎక్కడినుంచి తెస్తోందో ఆలోచించండి.

షుగర్ అయితే ఇంకా స్పష్టం. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, చర్మానికి సూది గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే వాచీ గానీ ఉంగరం గానీ తాము దేనికీ అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని హెచ్చరించింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తప్పు నంబర్ చూసి డోసు మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బాక్సు మీద సూది లేకుండా షుగర్ అని ఉంటే ఆ వాచీలో మిగతా ఫీచర్లని కూడా నమ్మొద్దు.

మరి ఎవరు కొనాలి?

ముందు ఒక నెల రూపాయి ఖర్చు లేకుండా చూడండి. ఇప్పుడు చాలా ఫోన్లలో అడుగులు లెక్కపెట్టే హెల్త్ యాప్ ఉంటుంది. మొదటి వారం అలవాట్లు ఏమీ మార్చకుండా రోజువారీ సగటు ఎంతో చూసుకోండి. రెండో వారం నుంచి దాని మీద 1,500 పెంచాలనుకోండి. నాలుగో వారంలో కూడా రోజూ యాప్ తెరిచి చూస్తున్నారంటే, తక్కువైన రోజు లేచి ఒక రౌండ్ వేస్తున్నారంటే బ్యాండ్ మీకు ఉపయోగపడుతుంది. రెండో వారానికే మర్చిపోతే మూడు వేలు పెట్టి కొన్నదాన్ని కూడా మర్చిపోతారు. ఆ డబ్బుతో మంచి వాకింగ్ షూస్ తీసుకోండి.

ఈ పరీక్ష ఒక్కచోట పనిచేయదు. ఫోన్ జేబులో ఉంటేనే లెక్క. మా అమ్మ ఫోన్ ఎప్పుడూ ఫ్రిజ్ మీదే ఉంటుంది, చీరకి జేబు ఉండదు కదా. ఆమె పొద్దున్నుంచి వంటిల్లు, డాబా, పక్కింటి మధ్య తిరిగేదంతా ఫోన్ దృష్టిలో సున్నా. ఆఫీసులో ఫోన్‌ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునేవాళ్లదీ అదే పరిస్థితి. ఇలాంటివాళ్లకి బ్యాండ్‌తోనే నిజమైన లెక్క మొదలవుతుంది కాబట్టి నేను కొనమనే అంటాను.

విశ్రాంతిలో ఉన్నప్పటి హార్ట్ రేట్‌ని నెలల తరబడి చూసుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది. వ్యాయామం కుదురుకుంటే అది మెల్లగా తగ్గుతుంది, జ్వరం వస్తే పెరుగుతుంది. ఒక రోజు నంబర్ కాదు, నెల గీత చూడాలి. నిద్ర విషయంలో ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారో అన్నంతవరకు పర్వాలేదు. గాఢ నిద్ర గంటా పన్నెండు నిమిషాలు అంటే నేనైతే పట్టించుకోను, ల్యాబ్‌లో అయితే అది మెదడు తరంగాలు చూసి చెప్పే మాట.

గుండె లయ తప్పితే హెచ్చరించే ఫీచర్ కొన్ని ఖరీదైన వాచీల్లో ఉంది. ఆపిల్ వాచ్ మీద 4 లక్షల 19 వేల మందితో జరిగిన అధ్యయనంలో దాదాపు 0.5 శాతం మందికే హెచ్చరిక వచ్చింది. వాళ్లలో ఈసీజీ ప్యాచ్ వేసుకుని తిరిగి పంపినవాళ్లని చూస్తే 34 శాతం మందిలో ఆ జబ్బు కనపడింది. అది వచ్చి పోయే జబ్బు కాబట్టి మిగతావాళ్లకి వచ్చిన హెచ్చరిక తప్పేనని అనలేం. అలాంటి హెచ్చరిక వస్తే డాక్టర్‌ని కలవండి. కానీ ఏ హెచ్చరికా రాలేదు కాబట్టి గుండె బాగుంది అనుకోవడానికి లేదు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూస్తూ కూర్చోకూడదు.

కొనేముందు, కొన్నాక

యాప్ రివ్యూలు బ్యాండ్ రివ్యూల కంటే ముందు చదవండి. బ్యాండ్ బాగున్నా యాప్ ఆగిపోతే అది చేతి కడియమే. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ కూడా తన బ్యాండ్ సర్వీసుని 2019లో ఆపేసింది. అందుకే డేటాని ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకునే సౌకర్యం ఉందా అని చూడండి. పర్మిషన్ల విషయంలో, ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్‌తో బ్యాండ్‌ని వెతకడానికే లొకేషన్ పర్మిషన్ కావాల్సి వచ్చేది, అది అనుమానించాల్సిన పని లేదు. 12 నుంచి దానికి వేరే పర్మిషన్ ఉంది. కాల్స్ చూపించాలంటే కాంటాక్ట్స్ అడగడం సహజం. గ్యాలరీ మొత్తం ఎందుకు అని మాత్రం ప్రశ్నించుకోండి.

బ్యాండ్ వచ్చాక రిటర్న్ గడువు లోపలే మూడు పనులు చేయండి. మనసులో లెక్కపెట్టుకుంటూ 500 అడుగులు నడవండి, 475 నుంచి 525 మధ్య వస్తే సరే. కూర్చుని మెడ దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి, బ్యాండ్ నంబర్‌తో ఐదు కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, కదలకుండా కట్టుకుని చూడండి, వదులుగా కట్టి తప్పు దానిదే అనకండి. మూడోది, ఒక రాత్రంతా పెట్టుకుని పడుకోండి. బెల్టు కింద చెమట పట్టి దురద పెడితే, రెండో రాత్రి కూడా అదే అయితే వెనక్కి పంపేయండి. ఎన్ని సెన్సర్లున్నా టేబుల్ మీద పడి ఉండే బ్యాండ్ ఏమీ కొలవదు.