పుస్తకము ప్రజల వాకిటికి

1935వ సంవత్సరమున గుంటూరు మండలమునందలి కృష్ణా కాలువలో పుస్తకములతో ఒక పడవ బయలుదేరినది. పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమ సాగిన ఆ పడవలో ప్రయాణికులు దారి పొడుగునను చదువుకొనెడివారు. గట్టున నున్న గ్రామములవారికిని ఆ పుస్తకములు అందెడివి. ఈ ఏర్పాటు చేసినవారు గ్రంథాలయసేవకే జీవితమును ధారవోసిన పాతూరి నాగభూషణముగారు. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుని చెంతకు పోవలెనని ఆ పడవ నేర్పినది.

పెదవడ్లపూడికి సమీపముననే యున్న పెదకాకాని వంటి గ్రామములకు ఈ పాఠము నేడును పనికివచ్చును. కాలువ పడవల కాలము గతించినది గాని చదువరి కష్టము గతింపలేదు. మిరపకోతల దినములలో తెల్లవారకమునుపే చేనికి పోయి ప్రొద్దుగుంకిన పిదప ఇల్లు చేరు కూలివారికి గ్రంథాలయపు వేళలు కుదరవు. బడి మానిన బాలిక చేతికి పుస్తకమే అందనిచో, నేర్చిన అక్షరములు కొలది ఏండ్లలోనే మరుగున పడును. పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసినది ముఖ్యముగ ఇట్టివారిని గూర్చియే.

ఇందుకు స్వల్పవ్యయముతో కూడిన ఉపాయ మొకటి కలదు. 2009లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున టాడ్ బోల్ అను నాతడు, ఉపాధ్యాయినియైన తన తల్లి జ్ఞాపకార్థము, చిన్న బడి ఆకారమున ఒక పెట్టె చేయించి, పుస్తకములు నింపి ఇంటి ముందట నిలిపెను. కావలసినవారు తీసుకొనవచ్చును, తమవద్ద నున్నవి అందుంచవచ్చును. రుసుము లేదు, తాళము లేదు. నేడు అట్టి పెట్టెలు పలు దేశములలో లక్షకు మించి యున్నవి.

మన గ్రామములలో దీనిని ఎట్లు నెలకొల్పవలెనో సూచించుచున్నాము. పెట్టెను గ్రామస్థులు నిత్యము వచ్చిపోవు చోటనే ఉంచవలెను. దేవాలయపు మండపము, బస్సులు నిలుచు చోటు, పాలకేంద్రము, రచ్చబండ ఇందుకు తగినవి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలువారును గనుక, అందు పాతిన కొయ్య స్తంభము త్వరలోనే ఒరుగును. కావున పెట్టెను వసారా గోడకు బిగించుట మేలు. లేనిచో రాతి దిమ్మెపై నిలుపవలెను. దానివలన చెదల బాధయు తగ్గును. పైకప్పు రేకుతో ఏటవాలుగ నుండవలెను. తలుపునకు గడియ చాలును. పిల్లలకు అందునంత ఎత్తున పెట్టె ఉండవలెను. ముప్పది నలుబది పుస్తకములు పట్టిన చాలును.

పుస్తకములను ఇంటింట అడిగి సేకరింపవచ్చును. పిల్లల కథలు, నవలలు, పెద్ద అక్షరముల వాచకములు, ప్రత్తి మిరప పైరుల చీడపీడలను గూర్చిన కరపత్రములు, పోటీ పరీక్షల పుస్తకములు అన్నియు ఉపయోగకరములే. ఏ రాజకీయ పక్షపు ప్రచారమునకును ఇందు చోటీయరాదు. శాఖా గ్రంథాలయపు లెక్కలోని పుస్తకములను ఇందు కలుపరాదు. ఇది దానముగ వచ్చిన వానికి మాత్రమే. ప్రతి పుస్తకముపైనను “చదువుడు, తిరిగి ఉంచుడు” అని ముద్ర వేయవలెను.

పుస్తకములు పోవునేమో యని కొందరు శంకింతురు. కొన్ని పోవుట నిజమే. కాని బీరువాలో తాళమువేసి చెదలకు వదలిన పుస్తకమును పోయినదే గదా! ఒక ఇంట నిలిచిపోయిన పుస్తకమును ఆ ఇంటివారైనను చదువుదురు. పెట్టెకు అసలు శత్రువు అశ్రద్ధ. దుమ్ము పట్టి, అవే పుస్తకములు నెలల తరబడి కనబడినచో ఎవ్వరును తలుపు తీయరు. కావున విద్యార్థి నొకరిని, విశ్రాంత ఉద్యోగి నొకరిని దీనికి బాధ్యులుగ నియమింపవలెను. వారమున కొకమారు తుడుచుట, నెలకొకమారు ప్రక్క వాడ పెట్టెతో కొన్ని పుస్తకములను మార్చుకొనుట వారి పని.

ఒక సంగతి మరువరాదు. పెట్టె గ్రంథాలయమునకు తోడు మాత్రమే. దాని స్థానమును ఆక్రమింపజాలదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. ఆ సొమ్ము పంచాయతీది కాదు, చదువరులది. దానిని ఇతర వ్యయములకు మరలింపక జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయుట పంచాయతీ విధి. సుంకము నిలిపియుంచి పెట్టె నొకటి నెలకొల్పినంత మాత్రమున ఆ ఋణము తీరదు.

ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. అంతకుముందే గ్రామసభలో తీర్మానము చేసి, ఊరి వడ్రంగికి పని యొప్పగించినచో, ఆ వారములోనే తొలి పెట్టె తలుపు తెరువవచ్చును. గ్రంథాలయమునకు మిక్కిలి దూరమున నున్న వాడతోనే ప్రారంభింపుడని మా మనవి.