మీ చేతి రంగు మీరు కలపగలరా?

బాలలూ! రంగు పెన్సిళ్ల పెట్టెలో లేత గులాబీ ఛాయలో ఉండే పెన్సిలును చాలామంది ‘స్కిన్ కలర్’ అంటారు కదూ? అది ఎవరి చర్మం రంగు? మీ తరగతిలో అలాంటి రంగు వారు ఎందరున్నారో ఒకసారి చూడండి. అమెరికాలో క్రేయోలా కంపెనీ కూడా ఇలాంటి రంగును ‘ఫ్లెష్’ అనే పేరుతో అమ్మేది. 1962లో ఆ పేరు తీసేసి, ‘పీచ్’ అని ఒక పండు పేరు పెట్టింది.

మన రంగు మనమే కలుపుకుందాం. నీటి రంగుల డబ్బా, కుంచె, తెల్ల కాగితం తెచ్చుకోండి. పసుపుపచ్చలో కొద్దిగా ఎరుపు కలిపితే నారింజ రంగు వస్తుంది. అందులో కుంచె మొనతో నీలం తాకించండి. గోధుమ రంగులోకి తిరుగుతుంది. నీలం ఎక్కువైతే బురదే! పలుచన కావాలంటే నీళ్లు కలపండి. కాగితం మీద పూసి, ఆరాకనే చేతి పక్కన పెట్టి చూడండి, ఎందుకంటే నీటి రంగులు ఆరితే లేతబడతాయి. బల్బు వెలుతురులో కాక పగటి వెలుగులో పోల్చాలి.

నల్ల రంగు జోలికి మాత్రం పోకండి. మా తరగతిలో తోటివారు ‘నల్లోడు’ అని పిలిచే కుర్రవాడు మొదట దానికే చెయ్యి చాచాడు. ఆరాక చేతి పక్కన పెట్టి చూసి, “ఇది కాదండీ” అన్నాడు. చివరికి అతనికి కుదిరిన రంగులో ఉన్నవీ, అతణ్ణి వెక్కిరించిన వాడి రంగులో ఉన్నవీ అవే మూడు రంగులు. పాళ్లే వేరు.

చర్మం లోపల జరిగేదీ దాదాపు ఇదే. పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేస్తాయి. ఇద్దరి చేతుల్లో ఒకే చోట చూస్తే ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా అవి చేసే మెలనిన్ పరిమాణంలోనూ, రకంలోనూ, దాన్ని మోసే రేణువుల సైజులోనూ ఉంటుంది. దానికి అడుగున పారే రక్తపు ఎరుపు తోడవుతుంది. మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చి కణాలను కాపాడుతుంది. అందుకే ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో తరతరాలుగా బతికిన వారికి ముదురు రంగు మేలు చేసింది. ఎండ తక్కువ ఉన్న చోట విటమిన్ డి తయారు కావడానికి లేత రంగు అనుకూలించింది.

మరి ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు చామనఛాయ, ఒకరు పచ్చని ఛాయ ఎందుకు? ఈ రంగును నిర్ణయించే జన్యువులు ఒకటి రెండు కావు, చాలా ఉన్నాయి. తల్లిదండ్రుల నుంచి ఒక్కో బిడ్డకు వాటి కలయిక ఒక్కో విధంగా వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తాగిన కుంకుమపువ్వు పాలకు ఇందులో పనేమీ లేదు. (ఈ మాట ఇంట్లో బామ్మగారితో కాస్త మెల్లగా చెప్పండి!)

ఇప్పుడు చొక్కా చేతిని పైకి మడవండి. గుడ్డ కింద ఉన్న చోటికి ఒక పట్టీ, ఎండ తగిలే ముంజేతికి ఒక పట్టీ రంగు కలిపి, వెనక తేదీ వేసి దాచండి. వేసవి సెలవులు కాగానే మళ్లీ రెండు పట్టీలు చేసి పాతవాటి పక్కన పెట్టండి. ఏ పట్టీ ఎక్కువగా మారిందో మీకే తెలుస్తుంది.