బీప్ వినగానే బ్రేకు తొక్కకండి

జువ్వలదిన్నె హార్బర్ నుంచి చేపలు, చుట్టుపక్కల గుంటల నుంచి రొయ్యలు ఐసులో వేసుకుని బిట్రగుంట మీదుగా హైవే ఎక్కే డ్రైవర్లకు ఈ నాలుగు మాటలు.

16వ నంబరు జాతీయ రహదారి మీద ఫోన్‌లో మ్యాప్ "ముందు స్పీడ్ కెమెరా" అనగానే చాలామంది ఠక్కున బ్రేకు తొక్కేస్తారు. వెనక లారీ ఉంటే ఏం కాను? గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 22 మీటర్లు పోతుంది. వెనకాయన కాలు కదిపేలోపే అంత దూరం అయిపోతుంది. ముందు యాక్సిలరేటర్ మీద కాలు తీయండి, అద్దం చూడండి. బ్రేకు ఆ తర్వాతే.

2019 జూలై నుంచి తయారైన కార్లలో 80 దాటితే బీప్ వస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. మీరున్న రోడ్డుకు ఎంత వేగం అనుమతో ఆ మోతకు తెలియదు. ఊరి దగ్గర బోర్డు 40 అంటుంటే మీరు 70లో పోతున్నా కారు కిమ్మనదు. బోర్డుదే చివరి మాట. బిట్రగుంట రైల్వే కుటుంబాలకు తెలిసిందే, ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్‌ను పైకి చెప్పుకుంటారు. మీ పక్కన క్లీనర్ ఉంటే బోర్డు మీద అంకె అలాగే పైకి చదవమనండి.

రాడార్ డిటెక్టర్ కొనుక్కుంటే సరి అనేవాళ్లున్నారు. పోలీసుల చేతిలో లేజర్ గన్ ఉంటే, మీ డిటెక్టర్ మోగేసరికే వేగం నమోదై ఉంటుంది. ఆ డబ్బు టైర్లకు పెట్టండి.

అసలు చిక్కు యజమాని తొందర. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ బండి నడిపినవాడినే కాదు, తన డ్రైవర్ చేత పరిమితి దాటించినవాడినీ శిక్షిస్తుంది. వేగం మీరితే తప్ప చేరలేని గడువు పెడితే, ఆ ఆదేశమే కోర్టులో అతని మీద ప్రాథమిక సాక్ష్యం కావచ్చు. జరిమానా తేలికపాటి బండికి 1000 నుంచి 2000 రూపాయలు, భారీ బండికి 2000 నుంచి 4000. రెండోసారి దొరికితే లైసెన్సే స్వాధీనం చేసుకోవచ్చు. అది మీ అన్నం. అందుకే ఎన్నింటికి చేరాలో వాట్సాప్‌లో రాసి పంపమని యజమానిని మర్యాదగా అడగండి.

బిట్రగుంట నుంచి నెల్లూరు సుమారు 35 కిలోమీటర్లు. 80 బదులు 100లో పోతే కలిసొచ్చేది 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలూ లోడింగ్ దగ్గరే అడిగి తీసుకోండి.